కృత్రిమ సూర్యునికి కావలసిన గోడ



కేంద్రక సంలీన శక్తిని గూర్చి మాటలాడునపుడు మనమందరము ఆ అగ్నినే తలంతుము; అగ్నిని భరించు గోడను తలంపము. నా అభిప్రాయమున ఈ మహాప్రయత్నపు జయాపజయములు ఆ గోడపైననే అధికముగా ఆధారపడియున్నవి.

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరున జాన్సెన్, మన పొరుగునగల మచిలీపట్నమున పోగ్సన్ వర్ణపటదర్శినితో పరిశీలించిరి. సూర్యకాంతిలోని ఒక పసుపుగీత తెలిసిన ఏ మూలకమునకును చెందదని పిమ్మట తేలగా, ఆ కొత్త మూలకమునకు హీలియం అను పేరు వచ్చినది. ఆ హీలియమే నేడు సంలీన యంత్రములకు చిక్కు తెచ్చుచున్నది.

డ్యుటీరియం, ట్రిటియం ఏకమైనపుడు శక్తితోబాటు హీలియం బూడిదవలె మిగిలి గోడను తాకును. భారతదేశముతో సహా ఏడుగురు భాగస్వాములు ఫ్రాన్సులో నిర్మించుచున్న ఐటర్ యంత్రమున ఆ తాకిడిని ఓర్చుటకు టంగ్‌స్టన్‌ను ఎన్నుకొనిరి. 3422 డిగ్రీల సెల్సియస్ వరకు కరగని లోహమది. అయినను హీలియం అందులో కరగి ఇమడదు. పరమాణువులు గుమికూడి బుడగలగును. ఉపరితలము సుమారు 700 నుండి 1700 డిగ్రీల వేడిలోనున్నపుడు అతిసూక్ష్మమైన తంతువులు నాచువలె మొలచును. జపానులోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో దీనిని ప్రకటించిరి. ఈ తంతువులు వేడిని చక్కగా లోనికి పంపలేవు. తెగి ధూళియై ప్లాస్మాలో పడినచో దానిని చల్లార్చును.

కొల్లేటి చేపలచెరువుల గట్లు చూచినవారికి ఇది వింత కాదు. వరద అందరికిని కనబడును, పీతబొరియ కనబడదు. గట్టు తెగిననాడు నింద మాత్రము వరదదే.

ఇట్టి విషయములు చిన్న పట్టణపు కళాశాలకేల అని కొందరందురు. కాని ఇది రసాయన, లోహశాస్త్రములు తీర్చవలసిన సమస్య. 2015లో తాడేపల్లిగూడెమున వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో లోహశాస్త్రము బోధించుచున్నారు. ఏలూరునుండి అది ఎంతో దూరము లేదు. మన విద్యార్థులలో పెక్కుమంది కంప్యూటరు చదువొక్కటే చదువని తలచి ఆ శాఖ పేరైన అడుగుట లేదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి: విజ్ఞానశాస్త్ర విద్యార్థులను ఏటేట ఒకమారు అచ్చటికి తీసికొనిపోవలెను, లోహములను గూర్చి ఉర్దూలోను, తెలుగులోను ఉపన్యాసము లేర్పరచవలెను. హీలియమును తొలుత గమనించిన ఆకాశము మనది. అది చేయు గాయమును మాన్పు విద్యయందును మనవారికి భాగముండవలెను.