దేవుని చిత్తమా, యజమాని లాభమా?

మానవునికి స్వేచ్ఛ వున్నదా, సర్వమూ దేవుని సంకల్పమేనా? క్రైస్తవ లోకంలో యీ వివాదం పదహారు వందల యేండ్లనాటిది. క్రీ.శ. 418లో కార్తేజ్ సభ స్వేచ్ఛావాది పెలాగియస్ బోధను ఖండించింది. 1525లో లూథర్, ఎరాస్మస్‌కు జవాబుగా, మానవ చిత్తం బందీ అని వ్రాశాడు. 1618-19లో డోర్ట్ సభ అర్మీనియస్ అనుయాయులను త్రోసిపుచ్చింది. 1739లో వెస్లీ పూర్వనిర్ణయవాదాన్ని ఎదిరించి ప్రసంగించాడు. ఈ పండితుల తగవు మనకెందుకు అనేవారున్నారు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల ప్రక్కన కాపురముంటున్న నాకు యిది తీరిపోయిన తగవుగా తోచదు.

మూతలేని ప్రెస్సు మిషను క్రింద వేళ్లు పోగొట్టుకున్న కార్మికుణ్ణి నేనెరుగుదును. ప్రార్థన కూటంలో ఒకరు, “అంతా దేవుని చిత్తం, తమ్ముడూ” అని ఓదార్చారు. మరొకరు, “నీ విశ్వాసం చాలలేదు” అని మందలించారు. మొదటిది సార్వభౌమవాదానికి వికృతి. రెండవది స్వేచ్ఛావాదానికి వికృతి. రెండింటిలోనూ యజమాని ప్రసక్తి లేదు! ప్రమాదకరమైన యంత్రభాగాలకు రక్షణ వుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించిందన్న సంగతీ లేదు.

అట్లాగని తప్పంతా సిద్ధాంతాలపై మోపటం న్యాయం కాదు. కాల్విన్ మార్గీయుల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం (1646) సమస్తమూ దైవనిర్ణయమంటూనే, దేవుడు పాపానికి కర్త కాడనీ, ద్వితీయ కారణాల స్వేచ్ఛ తొలగిపోదనీ స్పష్టంగా చెప్పింది. మూత పెట్టనివాడు దేవుని చాటున దాగటానికి ఆ సిద్ధాంతంలోనే చోటు లేదన్నమాట. ఇక వెస్లీ, బీదలు సోమరితనం వల్లనే బీదలయ్యారన్న మాటను 1753లోనే పచ్చి అబద్ధమని కొట్టిపారేశాడు.

మన నేలమీద చూడండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర దేవుని చిత్తమని చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కాంట్రాక్టు పట్టి జనానికి కూలి యిప్పించాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం యేర్పడినపుడు కాల్విన్ వారసులూ వెస్లీ వారసులూ ఒక్కటయ్యారు. వాదం తేలేదాకా పని ఆగనక్కరలేదని దీనర్థం.

క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’లో కర్మ సిద్ధాంతాన్ని నిలదీశాడు. పేదవాని ఆకలికి కర్మ కారణమనటం అన్యాయమైతే, తెగిన వేళ్లకు దేవుని చిత్తం కారణమనటం న్యాయమెట్లా అవుతుంది? తలరాత పేరు మార్చుకొని గుడినుంచి చర్చికి వచ్చినంత మాత్రాన పవిత్రమైపోతుందా?

దుఃఖితునికి ఆ మాట ఓదార్పు గదా అంటారు. పోయిన వేళ్లు తిరిగి రావు గనుక వాటికి ఓదార్పు వుండనీయండి. కాని మరునాటి షిఫ్టులో అదే మిషను ముందు మరొకడు కూర్చుంటాడు. వాని చేతులు యింకా వున్నాయి. వాటికి కావలసింది మూత. దేవుని చిత్తాన్ని గురించి బోధించే పెద్దలు, ఆ మూత తీసినవాని చిత్తాన్ని గురించి కూడా వచ్చే ఆదివారం వేదికమీదనుంచి అడగాలని నేను కోరుతున్నాను.