కడలి అడుగు గుల్లల సాక్ష్యము

శీతోష్ణస్థితి మార్పును గూర్చి ఎక్కడ ప్రసంగము వచ్చినను ఎవరో ఒకరు లేచి, భూమి పుట్టినది మొదలు వేడియు చలియు మాఱుచునే యున్నవి గదా, హిమయుగములు వచ్చినవి, పోయినవి, ఆనాడు మోటారు బండ్లెక్కడివి, బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము లెక్కడివి అని ప్రశ్నించుటయు, ఆ ప్రశ్నతో వాదము ముగిసినదని తృప్తి చెందుటయు నేడు పరిపాటి యైనది. ఆ మాటలో పూర్వార్ధము సత్యమే. కాదని ఏ శాస్త్రజ్ఞుడును అనడు. అయితే హిమదశలు ఒకటి రెండు గాక పదులకొలది వచ్చి పోయినవనియు, వాని రాకపోకల కొక క్రమము కలదనియు మనకు తెలిపిన సాక్షి యెవరు? మహాసముద్రముల యడుగున బురదలో పూడియున్న, కంటికి ఇసుక రేణువులవలె కనబడు గుల్లలే ఆ సాక్షులలో ముఖ్యమైనవి. తన వాదమునకు ఒక సాక్షిని పిలిచినవాడు ఆ సాక్ష్యమును సాంతముగా వినవలసియున్నది. తనకు నచ్చిన సగము విని లేచిపోవుట విచారణ కాజాలదు.

ఆ గుల్లలను కట్టునవి ఫోరామినిఫెరా యను ఏకకణజీవులు. వీనిలో పెక్కు జాతులు సముద్రపు టడుగున నివసించును; కొన్ని జాతులు మాత్రము పైనీటిలో తేలుచు ప్లవకములుగా జీవించును. మన కోస్తా గ్రామములలో సున్నము కాల్చుటకు ప్రోగుచేయు గుల్లలు ఏ ద్రవ్యముతో ఏర్పడినవో ఈ సూక్ష్మమైన గుల్లలును ఆ ద్రవ్యముతోనే ఏర్పడినవి. ప్రాణి మరణించిన పిమ్మట గుల్ల నెమ్మదిగా అడుగునకు రాలి, నడిసముద్రమున వేయి సంవత్సరములకు కొలది సెంటీమీటర్ల మందమున పేరుకొనును. 1872 నుండి 1876 వరకు సముద్రములను శోధించిన ఛాలెంజరు నౌక ఈ గుల్లల బురద అపారమైన ప్రదేశములను ఆవరించియున్నదని లోకమునకు చాటినది. కాని ఆ గుల్ల కట్టబడిన నాటి నీటి స్వభావము దాని రసాయనములోనే నిలిచియుండునని తెలియుటకు మఱి డెబ్బదియేండ్లు పట్టినది.

భారజలములోని ఉదజనిని కనుగొని 1934లో నోబెల్ బహుమానము నందిన హెరాల్డ్ యూరీ, యుద్ధానంతరము షికాగో విశ్వవిద్యాలయమున పనిచేయుచు, 1947లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ఆమ్లజనిలో పదునాఱు భారము గలదియు, పదునెనిమిది భారము గలదియు నని రెండు ముఖ్యమైన ఐసోటోపులు కలవు. నీరు చల్లబడిన కొలది గుల్లలో చేరు బరువైన ఆమ్లజని పాలు స్వల్పముగా హెచ్చును. కావున ఆ పాలును కొలిచినచో ఆనాటి నీటి వేడిమిని లెక్కింపవచ్చును. ఒక డిగ్రీ తేడాకు గుల్లలో కలుగు మార్పు పదివేలలో రెండు పాళ్లకు కొంచెము మించినది మాత్రమే. ఇంతటి స్వల్పభేదమును పట్టగల మాస్ స్పెక్ట్రోమీటర్లను ఆ బృందమువారు తామే తీర్చిదిద్దుకొనిరి. ఆ ప్రయోగశాలలో పనిచేసిన ఇటలీ దేశీయుడు చెజారే ఎమిలియానీ 1955లో కరీబియన్, అట్లాంటిక్ సముద్రముల బురదస్తంభములను పరీక్షించి, వేడి చలుల తరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చినట్లు నిరూపించెను. అదివఱకు ఐరోపా పర్వతపాదములను చూచి హిమయుగములు నాలుగేయని బోధించుచుండిన పాఠ్యగ్రంథములు నాటినుండి తలక్రిందులైనవి.

ఇచటనే ఈ శాస్త్రము యొక్క శీలము మనము గుర్తింపవలసినది. కేంబ్రిడ్జిలోని నికొలస్ షాకిల్టన్ 1967లో ఎమిలియానీ లెక్కను ప్రశ్నించెను. సముద్రజలము ఆవిరియగునపుడు తేలిక ఆమ్లజని గల నీరు ముందుగా లేచిపోవును. అది మంచుగా కురిసి ఖండములపై గడ్డకట్టి తిరిగి రానిచో, మిగిలిన సముద్రము బరువైన ఆమ్లజనితో నిండియుండును. అప్పుడు నీరు చల్లబడకున్నను గుల్ల బరువెక్కును. నిత్యము శీతలముగానే యుండు అడుగు నీటిలోని జాతులును పైనీటి జాతులతో సమానముగా మాఱుటను చూపి, గుల్లలలోని మార్పులో అధికభాగము వేడిమికి గాక భూమిమీది మంచు రాశికి చెందినదని అతడు వాదించెను. ఎమిలియానీ తలంచినంతగా ఉష్ణమండల సముద్రములు చల్లబడలేదని తేలినది. ఉష్ణమాపకమనుకొన్నది మంచును కొలుచు సాధనముగా మాఱినది. పిమ్మట మఱియొక మార్గము తోచినది: గుల్లలోని కాల్షియముతో కలియు మెగ్నీషియము పాలు ఒక్కొక్క డిగ్రీకి నూటికి తొమ్మిది చొప్పున హెచ్చుటను గ్రహించి, దానివలన వేడిమిని విడిగా కొలిచి, ఆమ్లజని లెక్కలోనుండి తీసివేసి, మంచు పాలును విడదీయుట నేర్చిరి. గుల్ల బురదలో మఱల స్ఫటికీకరణము పొందినపుడు అబద్ధమాడుననియు ఈ శాస్త్రజ్ఞులే కనుగొనిరి; ప్రాచీనకాలమున ఉష్ణమండలము చల్లగా నుండెనన్న వింత అభిప్రాయము, టాంజానియా బంకమన్నులో చెడక గాజువలె నిలిచిన గుల్లలను 2001లో పరీక్షించిన పిదప సడలిపోయినది. సాక్షికి ఇంత కఠినముగా అడ్డుప్రశ్నలు వేసినవారు వేఱెవరును గాక ఆ సాక్షిని పిలిచిన పండితులే యగుటవలన ఆ సాక్ష్యమునకు విలువ హెచ్చినది.

ఇక ఆ సాక్ష్యములోని రెండవ సగము. ఆనాడు మోటారు బండ్లు లేకున్న హిమయుగములు ఏల వచ్చినవన్న ప్రశ్నకు 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనువారు మన హిందూ మహాసముద్రపు దక్షిణభాగమునుండి తీసిన రెండు బురదస్తంభములతో సమాధానము చెప్పిరి. భూకక్ష్య ఆకారము మాఱు లక్ష సంవత్సరముల ఆవృత్తి, భూమి యక్షపు వాలు మాఱు నలుబది యొక్క వేల సంవత్సరముల ఆవృత్తి, మన జ్యోతిష్కులు అయనచలనమని యెఱిగిన గతివలన కలుగు ఇరువదిమూడు, పందొమ్మిది వేల సంవత్సరముల ఆవృత్తులు ఆ గుల్లలలో కనబడినవి. సెర్బియా గణితజ్ఞుడు మిలంకోవిచ్ పూర్వమే చేసిన లెక్క దృఢపడినది. కావున ప్రకృతిసిద్ధమైన కారణము కలదు, దానిని మనము ఎఱుగుదుము. దాని వేగమునుగూడ నెఱుగుదుము. కడపటి హిమదశ తొలగి, భూమి ఆఱు డిగ్రీలవఱకు వేడెక్కి, సముద్రమట్టము సుమారు 120 మీటర్లు లేచుటకు పదివేల సంవత్సరములకు పైగా పట్టినది. నేడు నూటయేబది సంవత్సరములలోనే ఒక డిగ్రీకి మించి వేడి పెరిగినది. అయనచలనము ఇంత స్వల్పకాలమున చేయగల పని యిది కాదు.

బోరాన్ ఐసోటోపులు చెప్పు వృత్తాంతము ఇంకను గంభీరమైనది. సముద్రజలపు ఆమ్లత ననుసరించి గుల్లలో చేరు బోరాన్ పాళ్లు మాఱును. ఆ ఆమ్లతనుండి గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఊహింపవచ్చును. అంటార్కిటికా మంచులోని గాలిబుడగలు అవిచ్ఛిన్నముగా ఎనిమిది లక్షల సంవత్సరముల చరిత్రను మాత్రమే చెప్పగా, ఈ గుల్లలు కోట్లకొలది సంవత్సరముల వెనుకకు కొనిపోవును. 5 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట కర్బనము విస్తారముగా గాలిలోను నీటిలోను చేరి, భూమి అయిదాఱు డిగ్రీలు వేడెక్కిన ఘట్టమొకటి కలదు. దక్షిణ అట్లాంటిక్ అడుగున ఆ కాలపు తెల్లని సున్నపు బురద కరగిపోయి ఎఱ్ఱని బంకమన్ను పొర మాత్రమే మిగిలినది. అడుగున జీవించు ఫోరామినిఫెరా జాతులలో గణనీయమైన భాగము అంతరించినది. సముద్రము కోలుకొనుటకు లక్ష సంవత్సరములకు మించి పట్టినది. ఆనాడు కర్బనము చేరిన వేగముకంటె నేడు మనము చేర్చుచున్న వేగము పలుమడుంగు లెక్కువ యని లెక్కలు చెప్పుచున్నవి. పారిశ్రామిక యుగారంభమున మిలియనుకు 280 పాళ్లుగా నుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. సముద్రపు పైనీటి ఆమ్లత నూటికి ఇరువదియైదు పాళ్లకు తగ్గక పెరిగినది. గతమున మార్పు సహజముగా వచ్చెనన్న మాట, రాబోవు మార్పు నిరపాయమనుటకు ఆధారము కాదు. అది యెంతటి హాని చేయగలదో తెలుపు ఉదాహరణము.

ఇదియంతయు దూరదేశముల గాథ యని తెలుగు పాఠకుడు తలంపనక్కఱలేదు. 2006లో మీథేన్ హైడ్రేట్ నిక్షేపములను వెదకుటకై జాయిడిస్ రెజల్యూషన్ అను అమెరికా త్రవ్వకపు నౌక కృష్ణా గోదావరి బేసినునకు వచ్చినపుడు, గోదావరి సాగరసంగమమునకు ఎదుట, సుమారు 1,270 మీటర్ల లోతున ఒక బురదస్తంభమును తీసినది. దానిలో నది కొనివచ్చిన ఆకుల మైనమును, సముద్రపు పైనీటిలో జీవించిన గుల్లలును ఒకేచోట పొరలుపొరలుగా చేరియుండెను. 2012లో ప్రచురింపబడిన పరిశోధన ప్రకారము, సుమారు నాలుగు వేల సంవత్సరముల క్రిందటినుండి గోదావరి పరీవాహక ప్రాంతమున ఎండకు తాళు మొక్కల పాలు క్రమముగా హెచ్చి, 1,700 సంవత్సరముల క్రిందటినుండి ఆ స్థితి స్థిరపడినది. గడచిన మూడు వేల సంవత్సరములలో నదీజలము తగ్గి బంగాళాఖాతపు పైనీరు మిక్కిలి ఉప్పనైన ఘట్టములు గుల్లలలో నమోదైనవి. దక్కను పీఠభూమిపై జనులు స్థిరవ్యవసాయమునకు మరలినది ఈ యెండుదలకు ప్రతిక్రియగా కావచ్చునని ఆ పరిశోధకుల యభిప్రాయము. చెఱువులు త్రవ్వుట మన రాజవంశముల కీర్తికి ముఖ్యలక్షణ మేల యైనదో విచారించు చరిత్రకారులు ఈ బురదను గూడ చదువవలసియున్నది. ఇదే నౌక 2014-15లో మహానది ముఖమున త్రవ్వి తీసిన స్తంభముల ననుసరించి 2021లో వెలువడిన పరిశోధన, గడచిన తొమ్మిది లక్షల సంవత్సరములలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మంచు తగ్గిన కాలములందెల్ల ఋతుపవన వర్షము పెరిగినట్లు చూపి, రాబోవు కాలమునకు కంప్యూటర్లు చెప్పు జోస్యమును బలపఱచినది.

ఈ స్తంభములను పైకి తీసినది పరదేశపు నౌక యన్నది మనము మఱువరాదు. ఆ నౌకను 2024లో అమెరికా విరమింపజేసినది. జపానునకు చిక్యూ కలదు. చైనా ఆ సంవత్సరమే మెంగ్ షియాంగ్ అను కొత్త త్రవ్వకపు నౌకను ప్రవేశపెట్టినది. 1966లో గోవాలో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థను నెలకొల్పిన మన దేశమునకు సాగర్ కన్య, సింధు సాధన వంటి పరిశోధక నౌకలు కలవు గాని అవి తీయగలవి పొట్టి స్తంభములు మాత్రమే. అంతర్జాతీయ త్రవ్వకములలో భాగము కొనుటయో, స్వంత నౌకను సమకూర్చుకొనుటయో, రెంటిలో ఒకటి ప్రభుత్వము నిర్ణయింపవలెను. అంతకంటె తక్కువ వ్యయమున తక్షణమే చేయదగినది మఱియొకటి కలదు: చమురునకును వాయువునకును మన తీరమున త్రవ్వువారు పైకి తెచ్చు బురదలో ఒక భాగమును భద్రపఱచి, పరిశోధకులకు అందుబాటులో నుంచవలెనని లైసెన్సులలో నిబంధన చేర్చుట. విశాఖపట్టణమువంటి సముద్రతీర విశ్వవిద్యాలయములలో ఆ గుల్లలను పరీక్షించు యంత్రములును, వానిని నడపు నిపుణులును స్థిరముగా నుండవలెను.

కూటికి గుడ్డకు వెదకుకొను దేశమునకు ప్రాచీన సముద్రముల చింత యేల యని ఎవరైన నడుగవచ్చును. మన దేశమున వాతావరణశాఖ ఏర్పడినది 1875లో. అనగా దేశమంతటికిని క్రమబద్ధమైన వర్షపు లెక్కలు మనకు సుమారు నూటయేబది సంవత్సరములవే కలవు. ఇంత కుఱుచయైన లెక్కను బట్టి నూఱేండ్లు నిలువవలసిన ఆనకట్టలకు వరదనీటి మార్గముల వెడల్పును, జలాశయములకు కఱవునాటి నిల్వను నిర్ణయించుచున్నాము. గోదావరి ఎంతవఱకు పొంగగలదో, ఎన్ని తరములపాటు వరుసగా ఎండగలదో నూటయేబది సంవత్సరముల వానకొలతలు చెప్పజాలవు. గోదావరి సముద్రములో విడిచిన బురద మాత్రము వేల సంవత్సరముల నడవడిని చెప్పును. ఒక భారీ జలాశయమునకగు వ్యయములో స్వల్పభాగముతో ఆ నది చరిత్రను ముందుగా చదువుకొనగలిగియుండి, చదువకయే కట్టుట పొదుపు కాదు.