ఊరిపాలనము నెవరి కొప్పగించితిమి?

మచ్చబొల్లారమున నొక గృహస్థు, తన వీథిలోని మురుగు పొంగి యిండ్లలోనికి వచ్చుచున్నదని మొరపెట్టుకొనదలచినచో, ఎవరి గడప త్రొక్కవలెను? ప్రశ్న మిక్కిలి చిన్నది. ఇట్టి చిన్న ప్రశ్నకు తడబడక సమాధానము చెప్పగలుగుటయే ఊరిపాలనము యొక్క ప్రయోజనము. పంచాయతి యున్ననాడు సర్పంచి యుండెను. పురపాలక సంఘమున్ననాడు కౌన్సిలరుండెను. వారు మంచివారో కారో, వారి యిల్లు అందరికిని తెలియును. వారి పేరు పెట్టి పిలిచి నిలదీయుట కందరికిని హక్కుండెను. అటుపిమ్మట నేమి జరిగినదో ఇప్పుడు చక్కగ విచారింపవలసిన యవసరము కలిగినది.

ఏలయన, 2025 సంవత్సరాంతమున హైదరాబాదు మహానగరము చుట్టునున్న 27 పట్టణముల పాలక సంస్థలు, అనగా 20 పురపాలక సంఘములును 7 నగరపాలక సంస్థలును, ఒక్కమారుగ మహానగరపాలక సంస్థలో లీనము చేయబడినవి. ఈ పట్టణములవారికి కలుగబోవు ననుభవ మెట్టిదో యూహించుటకు జ్యోతిషము పనిలేదు. అల్వాలు, మచ్చబొల్లారము వాస్తవ్యులు పొందిన యనుభవమును చదువుకొన్న జాలును.

2007 ఏప్రిలు 16వ తేదీన హైదరాబాదు నగరపాలక సంస్థతో 12 పురపాలక సంఘములును 8 గ్రామపంచాయతులును కలుపబడి గ్రేటరు హైదరాబాదు మహానగరపాలక సంస్థ యేర్పడెను. మల్కాజిగిరి, కాప్రా, ఉప్పలు, కుత్బుల్లాపురము, కూకట్‌పల్లి మున్నగు సంఘములతోపాటు అల్వాలు పురపాలక సంఘమును ఆ దినముననే అంతరించెను. ఊరు చోటు మారలేదు. వేంకటేశ్వరుని కోవెల యున్నచోటనే యున్నది. రైలుస్టేషను ఉన్నచోటనే యున్నది. మారినది యొక్కటియే: తీర్మానములు చేయు బల్ల. అది ఊరిలోనుండి లేచి నగరములోనికి పోయెను.

ఈ విలీనమునకు గారణములు లేకపోలేదు. చెరువులకును నాలాలకును పురపాలక సరిహద్దులు తెలియవు. ఒక ఊరి మురుగు మరియొక ఊరి చెరువున బడును. ఎల్లంపల్లి నుండి గోదావరీజలములను గొట్టముల ద్వారా తెచ్చుట యొక చిన్న పట్టణపు బొక్కసమునకు శక్యము గాదు. 2015లో ఆ జలములు శామీరుపేట సమీపమునందలి ఘనపురము జలాశయమును చేరి నగరమునకు వచ్చినవనిన, అది పెద్ద సంస్థల బలముచే గలిగిన మేలేయని యొప్పుకొందుము. కావున విలీనమెల్ల దోషమేయని మేము వాదింపము.

కాని సేవలను పెద్ద సంస్థ కొప్పగించుట వేరు. ఊరివారి మాటను ఊరివారి నుండి తీసికొనుట వేరు. మొదటిది పరిపాలనా సౌకర్యము. రెండవది స్వపరిపాలనమునకు భంగము. ఈ రెంటిని ఒకే యుత్తరువున ముడివేసి, మొదటిదాని మేలును జూపి రెండవదాని కీడును ప్రజలచే మ్రింగించుట జరుగుచున్నది. మా యాక్షేపణ దీనిని గూర్చియే.

సేవలైనను వెంటనే చక్కబడినవా? నీటి సరఫరా 1989లో నెలకొల్పబడిన జలమండలి వశమయ్యెను. రోడ్లు, దీపములు, చెత్త మహానగర సంస్థవి. శివారు ప్రాంతముల మురుగుకాలువలు మాత్రము 2021 వరకును మహానగర సంస్థ యొద్దనే యుండి, ఆ యేట జలమండలికి బదిలీ యయ్యెను. నీరు దెచ్చువా రొకరు, మురుగు దీయువారు వేరొకరుగ పదునాలుగేండ్లు గడచినవి. ఒక కార్యాలయమునకు బోయిన మరియొక కార్యాలయమునకు బొమ్మందురు. అచ్చటికి బోయిన మరల మొదటిదానికే బొమ్మందురు. ఈ నడుమ పన్ను గట్టుటకు మాత్రము త్రోవ తప్పు భయము లేదు. దాని చిరునామా యెన్నడును మరుగుపడలేదు.

ఇక ప్రాతినిధ్యము సంగతి వినుడు. 2007 ఏప్రిలు మొదలు 2009 నవంబరు 23వ తేదీ యెన్నికల వరకును ఈ మహానగరమునకు ప్రజలెన్నుకొన్న సభయే లేదు. రెండున్నర సంవత్సరములకు పైగా ప్రత్యేకాధికారి పాలన సాగెను. తుదకు 150 డివిజనుల సభ యేర్పడినది; మచ్చబొల్లారము 133వ డివిజనై, అల్వాలు 134వదై, వెంకటాపురము 135వదై నిలిచినవి. ఒకప్పుడు తమ పట్టణమునకు దామే సభ తీర్చుకొన్నవారికి 150 మందిలో మువ్వురు దక్కిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము మహానగర జనసంఖ్య 67 లక్షలకు పైబడినది. అనగా సగటున 45,000 మంది కొక సభ్యుడు. ఆ సభ గడువు 2014 డిసెంబరులో ముగియగా, మరల యెన్నిక 2016 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. పెద్ద యింటిలో చేరిన తరువాత తలుపు తీయువారు లేక యేడాదికి మించి మరల వాకిట నిలువవలసి వచ్చెను.

ఈ విషయమున రాజ్యాంగ మేమి చెప్పుచున్నది? 1993 జూను 1వ తేదీ నుండి యమలులోనికి వచ్చిన 74వ సవరణమునందు, 243-యు అను అధికరణము స్పష్టముగ నున్నది. పురపాలక సంఘమునకు ఆయుర్దాయ మైదేండ్లు. అంతకు మునుపే రద్దు చేయదలచినచో దాని వాదము చెప్పుకొనుట కవకాశమీయవలెను. రద్దు చేసిన యారుమాసములలో ఎన్నిక పూర్తి కావలెను. 2006 అక్టోబరులో కిషన్ సింగు తోమరు వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు, గడువులోపల ఎన్నిక జరుపుట విధాయకమనియు, సహేతుకములు గాని సాకులతో దానిని వాయిదా వేయరాదనియు తీర్పిచ్చిరి. ఆ తీర్పు వెలువడిన యారుమాసములకే అల్వాలు సంఘ మంతరించుటయు, ఎన్నిక రెండేండ్లు దాటి జరుగుటయు గమనింపదగిన విషయము.

దీనికి సమాధానముగ నొక చమత్కారము చెప్పవచ్చును. ఇది రద్దు గాదు, విలీనము. చిన్నది పెద్దదానిలో గలిసినదే గాని నశింపలేదు. కావున ఆరుమాసముల నియమము వర్తింపదు అని. మేమును న్యాయవాద వృత్తిలో నున్నవారమే. చట్టములందలి సందులు మాకు క్రొత్తవి గావు. కాని యింటిని గూల్చి, ఇటుకలను పొరుగింటి గోడలో బేర్చి, నీ యిల్లు పోలేదు పెద్దదైనదని యింటి యజమానితో జెప్పిన నాతడేమనుకొనును? నియమము పుట్టిన యుద్దేశము, ప్రజలు ప్రతినిధి లేక యారుమాసములకు మించి యుండరాదనుట. పేరు మార్చినంత మాత్రమున ఆ యుద్దేశము మారదు.

మన ఆంధ్రదేశమున నీ ధర్మము రక్తములో నున్నది. చీరాల పేరాలలను పరప్రభుత్వము ప్రజల యిష్టమునకు వ్యతిరేకముగ పురపాలక సంఘముగ మార్చి పన్నులు పెంచినపుడు, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు 1921లో ఊళ్లు విడిచి, వెలుపల రామనగరమను పాకల యూరు గట్టుకొని, పదునొకండు నెలలు ఎండవానల కోర్చిరి. వారు సంఘము వలదనిరి. మన పట్టణములవారు సంఘము పోయెనని చింతించుచున్నారు. పైకి రెండును పరస్పర విరుద్ధములుగ దోచును. లోపలి ధర్మ మొక్కటియే: ఊరి పాలనా స్వరూపమును మార్చునపుడు ఊరివారి నడుగవలెను. నాడు అడుగనివాడు పరదేశీయుడు గనుక పోరాడితిమి. నేడు అడుగనివారు మనవారే గనుక ఊరకుండుట న్యాయమగునా?

స్వరాజ్యోద్యమ నాయకులు పురపాలక సంఘములను తక్కువగ జూడలేదు. రాజగోపాలాచారి సేలమునందు, నెహ్రూ అలహాబాదునందు, వల్లభభాయి పటేలు అహమదాబాదునందు, రాజేంద్రప్రసాదు పాట్నాయందు పురపాలక సంఘముల కధ్యక్షులై వీథుల పారిశుద్ధ్యమును విచారించిరి. దేశము నేలనేర్చిన చేతులు ముందు కాలువలు బాగుచేయించి నేర్చినవి. ఆ పాఠశాలను మూసివైచిన రేపటి నాయకు లెచ్చట నక్షరాభ్యాసము చేయుదురు?

విలీనపు వెత తెలంగాణమునకే పరిమితము గాదు. 1861లో ఏర్పడిన భీమునిపట్టణ పురపాలక సంఘము 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో గలుపబడెను. ఆ నగరసంస్థకే 2012 మొదలు ఎన్నుకొన్న సభ లేదు. 2021 మార్చిలో గాని యెన్నిక జరుగలేదు. నూటయేబది సంవత్సరముల చరిత్ర గల యూరు తన సభను బోగొట్టుకొని, లేని సభలో జేరి, ఎనిమిదేండ్లు వేచియుండెను.

ఇపుడు తూముకుంట, కొంపల్లి, నాగారము వంటి యూళ్లను జూడుడు. 2018లో పంచాయతులు పోయి పురపాలక సంఘములు వచ్చినవి. 2020 జనవరిలో మొదటి యెన్నిక జరిగెను. 2025 జనవరిలో గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చిరి. ఆ యేటి చివరనే విలీనము. ఏడేండ్లలో పంచాయతి, పురము, మహానగరము అను మూడవతారములు! విలీనము నాటికి తమ పక్షమున ఔనని గాని కాదని గాని చెప్పుటకు ఎన్నుకోబడిన సభయే వారికి లేదు. మహానగరపు చెత్తకొండను ఏండ్లతరబడి మోసిన జవహరునగరము ఆ మహానగర సభలో ఓటు లేని యూరుగ నుండెను. విలీనముచే దానికి ఓటు దక్కునేని సంతోషమే. కాని యా యోటు నిజమైన సభకు గావలెను, ఎప్పుడో జరుగబోవు సభకు గాదు.

చిన్న సంఘములలో కక్షలు, లంచములు, అసమర్థత మెండుగ నుండెనని కొంద రాక్షేపింతురు. ఉండవచ్చును. కాని దొంగ దూరెనని యింటిని గాల్చుట బుద్ధిమంతుల లక్షణము గాదు. చిన్న సంఘపు టవినీతి కంటికి గనబడును. ప్రజలు మరుసటి యెన్నికలో దాని నూడ్చివేయగలరు. దూరపు కార్యాలయపు టలసత్వ మెవరి కంటికి గనబడదు. దాని నూడ్చుటకు చీపురెవరి చేతిలోను లేదు.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, ఏ పట్టణమునైనను విలీనము చేయుటకు ముందు వార్డు వార్డున బహిరంగసభ జరిపి, ప్రజాభిప్రాయమును వ్రాతమూలకముగ గైకొని, దానికి సమాధానము ప్రకటింపవలెను. రెండవది, రద్దగు సంఘమునకు గల స్థలములు, భవనములు, నిలువ ధనము, అప్పులు, సిబ్బంది, దస్తావేజులు, వీని పట్టికను ముద్రించి ప్రతి గ్రంథాలయమునందును తగిలింపవలెను. అత్తవారింటి కేగు వధువు తెచ్చిన సారెకైనను లెక్కయుండునే! మూడవది, విలీనపు టుత్తరువునందే ఆరుమాసములకు లోబడిన యెన్నిక తేది యుండవలెను. నాలుగవది, మూడు లక్షలకు పైబడిన జనము గల నగరములకు రాజ్యాంగము విధించిన వార్డు కమిటీలు ప్రతి పూర్వపు పట్టణమునందును నిజముగ సమావేశము కావలెను. ఆ యూరి పన్నులో నొక భాగము వాని తీర్మానము ప్రకారమే వ్యయము కావలెను. 2023 జూనులో డివిజనుల యందు వార్డు కార్యాలయములు తెరువబడినవి. మంచిదే. కాని కార్యాలయమున బల్లయు గుమాస్తాయు నుందురు గాని, సభ యుండదు.

పఠనాలయములలో గూర్చుండి యీ పంక్తులు చదువు సోదరులారా! ఇది ప్రభుత్వము మాత్రమే చక్కదిద్దవలసిన పని గాదు. మీ డివిజను సభ్యుని పేరు మీలో నెందరికి తెలియును? వార్డు కమిటీ యెన్నడు కూడినదో మీలో నెవరైన నడిగితిరా? అడుగని హక్కు తుప్పు పట్టును; తుప్పు పట్టినదానిని పారవేయుట సులభమని పాలకులకు దెలియును. సమాచారహక్కు చట్టము 2005 నుండియు మీ చేతులలో నున్నది. పది రూపాయల రుసుముతో నొక యర్జీ వ్రాసి, మన యూరి యాస్తుల లెక్క యెచ్చటనని యడుగుడు. పదిమంది యొక్కటిగ నడిగిన ప్రశ్నను ఏ కార్యాలయమును చిరకాలము ద్రోసిపుచ్చజాలదు.

నీటిగొట్టమును బదిలీ చేయవచ్చును. చెత్తబండిని బదిలీ చేయవచ్చును. గుమాస్తాను బదిలీ చేయవచ్చును. పౌరుని మాటను మాత్రము ఉత్తరువు మూలమున బదిలీ చేయుటకు వీలులేదు. దానిని పౌరుడే స్వయముగ నొప్పగింపవలెను, లేదా తన యొద్దనే నిలుపుకొనవలెను. మచ్చబొల్లారపు గృహస్థున కెవరి గడప త్రొక్కవలెనో తెలిసిననాడు, ఆ గడపలో తానెన్నుకొన్నవాడు సమాధానము చెప్పుటకు నిలిచిననాడు, మహానగరము నిజముగ మహానగరమగును. అంతవరకు అది పెద్ద పటము మాత్రమే.