పెద్ద డిస్కులు వేస్తే ఇంకో ఇరవై క్రేట్లు వేయొచ్చా?

నా పికప్ ముందు చక్రాలకు డిస్కులు మార్పిస్తా ఉన్నానని తెలిసినప్పటి నుంచి మదనపల్లె మండీలో కనబడిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట. "మంచి పని. ఇంక ఇరవై క్రేట్లు ఎక్కువేసినా భయం లేదు గదా?" ఆ మాటకు జవాబుగానే ఇది రాస్తున్నా. భయం ఉంది. ఎక్కువ లోడు కోసం బ్రేకులు పెంచుకున్న బండి పాత బ్రేకుల బండి కంటే ప్రమాదమని నేనంటాను.

ఇంటర్లో ఎంపీసీ చదివినోళ్లు ఒకసారి లెక్క కట్టండి. బండీ కాయా కలిసి మూడు టన్నులు అనుకుందాం. తిరుపతికి పోతా భాకరాపేట ఘాట్ లాంటి చోట 300 మీటర్ల ఎత్తు నుంచి, గేరు సాయం లేకుండా బ్రేకు మీదే దిగినాం అనుకుందాం. అప్పుడు పుట్టే వేడి 30 లీటర్ల చన్నీళ్లను మరగబెట్టేంత. ఆ వేడంతా పడేది నాలుగు చక్రాల దగ్గరుండే కాస్త ఇనుము మీద. పెద్ద డిస్కు ఇంకొంచెం వేడి తట్టుకుంటుంది, నిజమే. కానీ మీరు ఇంకో ఇరవై క్రేట్లు ఎక్కిస్తే, క్రేటుకు 25 కిలోలు వేసుకున్నా అర టన్ను. డిస్కుతో సంపాదించిందంతా అక్కడే పాయె.

ఇంకో సంగతి. మన పికప్‌లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. కాయల బరువు పడేది ఎక్కువగా వెనక చక్రాల మీద. ముందు ఎంత పెద్దవి బిగించినా వెనక డ్రమ్ములో లైనింగ్ అరిగి, సిలిండర్ కారతా ఉంటే ఆ లోడు ఎట్లా నిలబడుతుంది? డ్రమ్ము ఇప్పి చూసి ఎన్నాళ్లయిందని అడిగితే చాలామంది ఆకాశం చూస్తారు.

దీనికి మించి మనోళ్లు చేసే పని, కమాన్ పట్టీలు ఎక్కువేయించడం. కొన్ని బండ్లకు వెనక యాక్సిల్ దగ్గర లోడును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. దానికో చిన్న కడ్డీ. తొట్టి కిందికి దిగితే లోడుందని తెలుసుకొని వెనక చక్రాలకు ఎక్కువ బ్రేకు ఇస్తుంది. మనం పట్టీలు కలిపితే ఎంత లోడేసినా తొట్టి దిగదు. వాల్వు ఖాళీ బండి అనుకొని వెనక బ్రేకు తగ్గిస్తుంది. రెండు టన్నులు మోస్తా ఖాళీ బండి బ్రేకుతో పోతున్నామన్న మాట. అట్లాంటి బండికి ముందు డిస్కు ఎంత మంచిదైతే ఏం లాభం? ఆ వాల్వును మళ్లీ సెట్ చేయించినోళ్లను నేను ఒక్కర్ని కూడా చూడలేదు.

ఇక బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ పట్టిన దానికి ఆ హద్దు 140. డాట్ 4కు 230, 155. ఘాట్‌లో ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా నేలకు పోతుంది. కిందికి దిగి అరగంట ఆగితే మళ్లీ మామూలుగా పడుతుంది, అందుకే "బ్రేకులు బాగానే ఉండాయే" అంటారు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడానికి అయ్యే ఖర్చు తొట్టి వెనక రాయించుకునే పేర్లకూ బొమ్మలకూ అయ్యేదానికంటే తక్కువ. ట్యాంకు మూత మీద ఏది రాసుంటే అదే పోయండి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, వీటిలో కలపకూడదు.

నేను డిస్కుల సైజు పెంచడం లేదు, కంపెనీ సైజే. పెద్దవి వేస్తే కాలిపర్ మారాలి, రిమ్ముకు తగలకూడదు, మాస్టర్ సిలిండర్ సరిపోవాలి. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకు మనమే సాకు ఇచ్చినట్టు. పాత డిస్కులకు టర్నింగ్ వేయించొచ్చు కదా అంటారు. డిస్కు మీదే కనీస మందం కొట్టి ఉంటుంది. నా దాంట్లో కొలిస్తే ఇంక కోయడానికి ఇనుము లేదు. అందుకని రెండు వైపులా కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు, ముందు వెనక రబ్బరు హోసులు, కాలిపర్ పిన్నులకు బ్రేకు గ్రీజు (ఛాసిస్ గ్రీజు కాదు), వెనక డ్రమ్ములు ఇప్పి లైనింగ్లు, ఆయిల్ మొత్తం మార్పు. డిస్కులకు పెట్టే డబ్బు కంటే మిగతా వాటికే ఎక్కువ చెప్పినాడు మెకానిక్కు. సరే అన్నా.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, బండి మనది, కాయ మనది, రేటు కోసం తొందర మనది. రాత్రి రెండింటికి ఘాట్ దిగేది మాత్రం ఇరవై రెండేళ్ల డ్రైవరు పిల్లోడు. "ఇంకో పది క్రేట్లు ఎక్కించురా" అని మనమంటే వాడు కాదనలేడు. డీజిల్ మిగుల్తుందని ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దిగమని నేర్పింది కూడా మనమే. ఇంజన్ ఆగితే బూస్టర్ సాయం రెండు మూడు తొక్కులకు అయిపోతుంది. తర్వాత కాలు విరిగేలా తొక్కితే తప్ప బ్రేకు సరిగా పడదు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కినామో దిగేటప్పుడూ అదే గేరు, నా బండిలో ఇది రూలు. ఆర్సీలో ఎంత బరువు రాసుందో అంతకు ఎన్ని క్రేట్లొస్తాయో తొట్టి లోపల పెయింటుతో రాయిస్తున్నా. నేనే ఎక్కువేయమన్నా వేయొద్దని వాడికి చెప్పినా.

బుధవారం పని మొదలు. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేదాకా, ఓ మూడు వందల కిలోమీటర్లు, ఘాట్ కిరాయి ఒప్పుకోవడం లేదు. ఆ వారం కాయ పంపేవాళ్లు వేరే బండి చూసుకోండి, ముందే చెబుతున్నా.