రంపపు మిల్లు అదురుతుంటే, బోల్టు బిగించే ముందు లెక్కపెట్టండి

రంపపు మిల్లు అదరడం మొదలుపెడితే మనవాళ్లు ముందు స్పానర్ అందుకుంటారు. కనిపించిన బోల్టునల్లా బిగిస్తారు. తగ్గకపోతే బ్లేడు బిగువు ఇంకాస్త పెంచుతారు. అప్పటికీ తగ్గకపోతే ‘ఈ మిషను గుణమే అంత’ అని సర్దుకుపోతారు. ఈ మూడో మాటతోనే నాకు పేచీ. ఏ యంత్రమూ కారణం లేకుండా అదరదు. ఆ కారణాన్ని చాలాసార్లు హైస్కూలు భౌతికశాస్త్రంతో, జేబులోని ఫోనుతో పట్టుకోవచ్చు.

నేను మాట్లాడుతున్నది సంచార బ్యాండ్ సా మిల్లు గురించి. ట్రాలీలా లాక్కెళ్లి, దుంగ పడి ఉన్న చోటే నిలబెట్టి పలకలు కోసే యంత్రం ఇది. అమెరికాలో 1980ల నుంచి చిన్న రైతులకు, వడ్రంగులకు ఇది బాగా పరిచయం. మన దగ్గర రంపపు మిల్లు ఏదైనా రాష్ట్ర అటవీ నిబంధనలకు లోబడి నడవాల్సిందే. అయినా పొలం గట్ల మీద టేకు, సుబాబుల్, జామాయిల్, మలబార్ వేప పెంచే రైతులు ఎక్కువవుతున్న కొద్దీ ఇలాంటి చిన్న యంత్రాల అవసరమూ పెరుగుతుంది. వాటిని కొనడం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. బాగు చేసుకోవడం గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

యాభై గ్రాముల పొట్టు, పదమూడు కిలోల తోపు

ఈ యంత్రంలో రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే సన్నటి ఉక్కు పట్టీయే రంపం. ఉదాహరణకు చక్రం వ్యాసం 480 మిల్లీమీటర్లు, బ్లేడు పొడవు 4 మీటర్లు, దాని వేగం సెకనుకు 25 మీటర్లు అనుకుందాం. చక్రం చుట్టుకొలత ఒకటిన్నర మీటరు కాబట్టి అది సెకనుకు దాదాపు 16.6 సార్లు తిరుగుతుంది.

పచ్చి దుంగ కోసేటప్పుడు పొట్టు, జిగురు కలిసి చక్రం అంచుకు ఒకచోట గట్టిగా పట్టేస్తాయి. ఆ ముద్ద బరువు 50 గ్రాములే అనుకోండి. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే అంచు దగ్గర త్వరణం వస్తుంది. అది భూమ్యాకర్షణకు సుమారు 265 రెట్లు. అంటే ఆ పిడికెడు పొట్టు చక్రాన్ని 13 కిలోల బరువుతో సమానమైన బలంతో బయటికి లాగుతుంది. అదీ సెకనుకు 16 సార్లకు పైగా దిశ మారుస్తూ. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. ఇది తెలిసినవాడు బోల్టు బిగించడానికి ముందు చక్రం గీకి తుడుస్తాడు.

ప్రతి లోపానికీ ఒక తాళం

యంత్రంలో తిరిగే ప్రతి భాగానికీ దాని వేగం దానిది. 4 మీటర్ల బ్లేడు సెకనుకు ఆరు చుట్లు తిరుగుతుంది. వెల్డింగు అతుకు ఎత్తుపల్లాలుగా ఉన్నా, ఒక పన్ను విరిగినా, పట్టీ ఒకచోట మెలిపడినా సెకనుకు ఆరుసార్లు ‘టక్ టక్’ మంటుంది. ఇది విడివిడి దెబ్బలుగా చెవికే తెలుస్తుంది. చక్రంలో లోపముంటే 16 దాటిన వేగం కాబట్టి దెబ్బలు కలిసిపోయి గుబగుబలాడే రొదగా వినిపిస్తుంది. ఇంజన్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, డ్రైవ్ బెల్టు పొడవు 2 మీటర్లు అయితే, నిమిషానికి 3000 చుట్ల దగ్గర బెల్టు సెకనుకు దాదాపు 12 సార్లు చుట్టి వస్తుంది. బెల్టు ఒకచోట ఉబ్బితే అదే తాళంలో కుదుపు వస్తుంది. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అదే వేగంలో సెకనుకు 25 సార్లు పేలుతుంది. పళ్ల మధ్య దూరం 22 మిల్లీమీటర్లయితే సెకనుకు 1100కు పైగా పళ్లు చెక్కను తాకుతాయి. కోతలో సన్నగా, ఎత్తుగా వినిపించే ఊళ అదే.

మీ యంత్రం కొలతలు వేరే ఉండొచ్చు. లెక్క మాత్రం ఇదే. ఒకసారి కట్టి, ఆ అంకెలను మిల్లు చట్రం మీద పెయింటుతో రాసుకుంటే చాలు.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన ‘ఫైఫాక్స్’ యాప్ ఉచితం. ఫోనులోని త్వరణ సెన్సర్ చదివినదాన్ని అది పౌనఃపున్యాలుగా విడగొట్టి చూపిస్తుంది. సెకనుకు 200 కొలతలు తీసే ఫోను 100 హెర్ట్జ్ లోపు సంగతులే నమ్మకంగా చెప్పగలదు. చక్రం, బ్లేడు, బెల్టు, ఇంజన్ అన్నీ ఆ పరిధిలోనే ఉంటాయి. పళ్ల ఊళకు ఫోను మైకు వాడాలి. తీవ్రమైన కంపనాలు కెమెరాను పాడుచేసే అవకాశం ఉంది కాబట్టి పాత ఫోను తీసుకుని, తిరిగే భాగాలకు దూరంగా చట్రానికి గట్టిగా అంటించాలి.

ఒక జాగ్రత్త. 16.6కు మూడింతలు దాదాపు 50. ఇంజన్ తిరిగే వేగమూ సెకనుకు 50. కాబట్టి తెర మీద 50 దగ్గర శిఖరం కనిపించగానే ఇంజన్‌ను నిందించకూడదు. డ్రైవ్ బెల్టు వదులు చేసి ఇంజన్ ఒక్కదాన్నే నడిపి చూడాలి. శిఖరం పోతే దోషం చక్రం వైపుంది.

మూడు ప్రశ్నలు, ఒక్కో మార్పు

దోషాన్ని పట్టుకునే పద్ధతి డాక్టరు వరుసగా ప్రశ్నలు అడిగినట్టే ఉంటుంది. ఇంజన్ మాత్రమే నడిచేటప్పుడు అదురుతోందా? అయితే ఇంజన్ బిగింపులు, వాటి రబ్బర్లు చూడండి. బ్లేడు ఖాళీగా తిరుగుతుంటే అదురుతోందా? చక్రాలు, బేరింగులు, బ్లేడు అతుకు అనుమానితులు. కోసేటప్పుడు మాత్రమేనా? మొద్దుబారిన పళ్లు, తక్కువ బిగువు, గైడ్ రోలర్లు, సరిగా పట్టు దొరకని దుంగ.

తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ముందు బ్లేడు మార్చండి, ఎందుకంటే అది అన్నిటికన్నా తేలిక. అదురు పోతే వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే. పోకపోతే ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, బ్లేడును, డ్రైవ్ బెల్టును విప్పి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి వదలండి. ప్రతిసారీ అదే భాగం కిందికి వచ్చి ఆగితే ఆ వైపు బరువెక్కువ. అంచు పక్కన ఒక పుల్లను కదలకుండా నిలబెట్టి చక్రం తిప్పితే, సందు మారుతోందో లేదో కంటికే తెలుస్తుంది. నాలుగు పనులూ ఒకేసారి చేసి అదురు తగ్గించుకున్నవాడికి ఆ రోజు ఊరట దొరుకుతుంది కానీ, ఏది పనిచేసిందో తెలియదు. మళ్లీ అదిరినప్పుడు మొదటికే వస్తాడు.

ఒక ప్రత్యేక వేగంలోనే అదిరి, థ్రాటిల్ కాస్త పెంచినా తగ్గించినా పోయేది అనునాదం. సంచార మిల్లుకు ఈ తిప్పలు ఎక్కువ. కాంక్రీటు మీద నిలిచే మిల్లులా కాకుండా ఇది ప్రతిసారీ కొత్త నేల మీద నిలబడుతుంది. నల్లరేగడిలో ఒక కాలు అంగుళం దిగినా చట్రం మెలిపడుతుంది. అందుకే కాళ్ల కింద వెడల్పాటి చెక్కలు వేసి, పట్టాల మట్టం చూసి, నాలుగైదు దుంగలు కోశాక మళ్లీ చూడాలి.

బిగువు అసలు రహస్యం

బ్లేడు వీణ తీగ లాంటిది. బిగువు తగ్గితే అడ్డంగా ఊగుతుంది. పని చేస్తున్న బ్లేడు వేడెక్కుతుంది, ఉక్కు సాగుతుంది. చక్రాలు కదలకుండా ఉంటే, 30 డిగ్రీల వేడికి ఉక్కులో చదరపు మిల్లీమీటరుకు సుమారు 72 న్యూటన్ల బిగువు సడలుతుంది. మొదట 150 పెట్టి ఉంటే దాదాపు సగం పోయినట్టే. పొద్దున పలకలు నున్నగా వచ్చి మధ్యాహ్నానికి అలలు తేలడానికి ఇదొక పెద్ద కారణం. కొన్ని దుంగలకు ఒకసారి బిగువు చూసుకోవాలి. పని ముగిశాక వదులు చేయాలి. లేకపోతే చల్లారి కుంచించుకున్న బ్లేడు రాత్రంతా బేరింగులను లాగుతూ, చక్రాల మీది రబ్బరును ఒకచోట చదును చేస్తుంది. మర్నాటి అదురుకు విత్తనం అక్కడే పడుతుంది.

పక్కన జరిగే గైడ్ రోలర్‌ను దుంగకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఆధారం లేని పొడవు సగమైతే బ్లేడు సహజ పౌనఃపున్యం రెట్టింపవుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా తరచూ మరిచిపోయేది ఇదే.

సర్దుకుపోవడానికి చెల్లించే ధర

25 మిల్లీమీటర్ల పలక కావాలి, రంపం 2 మిల్లీమీటర్లు తింటుంది అనుకుందాం. 300 మిల్లీమీటర్ల దిమ్మెలో 11 పలకలు వస్తాయి. కోత అలలుగా ఉండి చిత్రిక పట్టడానికి 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాల్సి వస్తే పదే వస్తాయి. పదిహేనేళ్లు పెంచిన టేకులో పదకొండో వంతు పొట్టుగా పోతుంది.

మనిషి చెల్లించేది ఇంకా ఎక్కువ. బ్లేడు ప్రతి చుట్టులో రెండు చక్రాల మీద రెండుసార్లు వంగుతుంది. అంటే గంటకు 45 వేల వంపులు. దానికి కంపనం తోడైతే పళ్ల మూలల్లో పగుళ్లు త్వరగా పుడతాయి. తెగిన బ్లేడు ఎటు విసురుకొస్తుందో చెప్పలేం. చేత్తో తోసే మిల్లుల్లో కంపనం పిడి గుండా చేతికి ఎక్కుతుంది. ఏళ్ల తరబడి అలాంటి పని చేసినవాళ్లకు వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు వస్తుందని అమెరికాలోని ఇండియానా రాతి గనుల కార్మికులను పరిశీలించి డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లోనే చూపించారు. యూరోపియన్ యూనియన్ 2002 ఆదేశంలో చేతికి ఎక్కే కంపనానికి రోజువారీ పరిమితులు పెట్టింది.

అనుభవమున్న మెకానిక్ చెవి చాలదా అని అడగొచ్చు. ఆ చెవి మీద నాకు గౌరవముంది. అతను వినేది కూడా పౌనఃపున్యాలనే. అయితే ఆ చెవి అతనితోనే పోతుంది. గోడ మీద రాసిన అంకె తర్వాతివాడికి మిగులుతుంది. పనిలో తీరిక ఉండదన్న మాటా నిజమే. కానీ లెక్క కట్టడానికి అరగంట చాలు, తెగిన బ్లేడు ఒక పూట తినేస్తుంది.

కాబట్టి అడగాల్సినవి మూడు. మిల్లు అమ్మే కంపెనీలు ప్రతి మోడల్‌కూ చక్రం, బ్లేడు, బెల్టు, ఇంజన్ పౌనఃపున్యాల పట్టికను తెలుగులో, మిగతా భారతీయ భాషల్లో ఇవ్వాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు కంపనాలను పరీక్షల కోసం చదవడంతో ఆపకుండా ఏదైనా సా మిల్లుకు వెళ్లి ఫోనుతో కొలవాలి. యంత్రాన్ని ఉమ్మడిగా వాడుకునే రైతు సంఘాలు దానితో పాటు ఒక నోటుబుక్కు తిప్పాలి. ఎప్పుడు అదిరింది, ఏ వేగంలో, ఏం మారిస్తే పోయింది అన్నది అందులో రాయాలి. మొదటి రెండింటికీ ఎవరినో అడగాలి. నోటుబుక్కు మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు.