తీరిక వేళ పనా?

మేనకోడలికి నేనల్లిన ఏనుగుబొమ్మను చూసి "మంచి కాలక్షేపమే!" అన్నవారితో నాకు పేచీ ఉన్నది. 6 కుట్లతో మొదలుపెట్టి, వరుసకు 6 చొప్పున పెంచుతూ అల్లి, దూది కూరి, పసిపిల్ల పీకి మింగకుండా గుండీలకు బదులు దారంతోనే కళ్ళు కుట్టడం కాలక్షేపమా? స్వెట్టరల్లే యంత్రాలున్నాయి గానీ, క్రోషియా బొమ్మనల్లేది నేటికీ మనిషి చెయ్యే. అంగట్లో చవకగా దొరికే బొమ్మ వెనుకా ఒక చెయ్యి ఉన్నది.

నరసాపురంలో లేసు అల్లే స్త్రీల శ్రమను గృహిణుల తీరిక వేళ పనిగా జమకట్టి, అతి తక్కువ కూలితో సరిపెట్టిన వైనాన్ని మరియా మీస్ 1982లోనే గ్రంథస్థం చేశారు. అయ్యలారా, అమ్మలారా! బేరమాడేముందు ఆ వరుసలను లెక్కపెట్టండి. ప్రేమకు వెలకట్టలేమన్నది నిజమే. ఆ మాట చాటున కూలి ఎగ్గొట్టడం మాత్రం అన్యాయం.