చప్పుడు సంగీతమగునా?

మా భివండీలో సాంచాల మ్రోత వినరాని వీధి అరుదు. తెలంగాణమునుండి వచ్చిన నేతకుటుంబముల బిడ్డలము మేము. ఆ మ్రోతలోనే పాఠములు వల్లించితిమి. కావున ‘పెయిన్‌కిల్లర్’ అను విదేశీ బృందపు వాద్యమును విని, ఇది సంగీతము కాదనుటకు మాకు నోరాడలేదు.

1991లో ఏర్పడిన యీ బృందమున జాన్ జోర్న్ సాక్సోఫోనును, బిల్ లాస్వెల్ బేస్ గిటారును, కార్ఖానాల నగరమైన బర్మింగ్‌హామునుండి వచ్చిన మిక్ హారిస్ డ్రమ్ములను వాయించిరి. గ్రైండ్‌కోర్ అను మహావేగపు తాళము, తంబురా శ్రుతివలె ఎడతెగక నిలుచు డ్రోను నాదము, వీనిపై అప్పటికప్పుడు కల్పించు సాక్సోఫోను కేక – ఇదియే వారి పద్ధతి. కద్రి గోపాలనాథ్‌గారు కర్ణాటక రాగములను పలికించిన వాద్యమే ఇచట ఆక్రోశించుచున్నది!

అది కఠోరమే, అయినను కళయేనని మా అభిప్రాయము. ఏలయన, ఆ మువ్వురు ఒకరినొకరు వినుచు వాయింతురు. వినువాడు వలదనుకొన్న మీట నొక్కి ఆపగలడు. సాంచాకడ నిలిచిన మా తండ్రులకు ఆ స్వేచ్ఛ యేది? దినమునకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్లకు మించిన శబ్దము చెవిని చెరచునని వైద్యులు చెప్పుచున్నారు. ఇంట మేము రెండు మారులు పిలిచినగాని మా తండ్రులు పలుకరు.

సోదర విద్యార్థులారా! కోరి విను చప్పుడును నిందించుటకు ముందు, విధిలేక భరించు చప్పుడును గూర్చి యోచింపుడు. దూది చాలదు; ప్రతి కార్మికునికి మంచి చెవిబిరడాలు ఇమ్మని యజమానులను అడుగుదము.